మూడో వార్డు ఇరవై

మంగళవారం మధ్యాహ్నం మూడు గంటల నలభై నిమిషాలకు, మూడో వార్డు పదకొండో మంచం నుంచి ఇంటెన్సివ్ కేర్‌కు మార్చిన బాలింత చనిపోయింది. అప్పటికి కాన్పు అయి ముప్పై ఒక్క గంట. బిడ్డ బతికింది. ఆడపిల్ల, మూడు కిలోల నూరు గ్రాములు.

ఆ ఉదయం ఏడు నుంచి రెండు దాకా ఆ మంచం చూసింది ముత్యాల సిస్టర్. చేతిరాతను బట్టి పెద్ద సిస్టర్ పెట్టిన పేరది. పదహారేళ్ల సర్వీసు. కొత్తగా చేరిన అమ్మాయిలకు చార్టు ఎలా నింపాలో నేర్పాలంటే ఆమె నింపిన చార్టే తీసి చూపిస్తారు.

ఐదు నెలల తర్వాత ఆమెకు ఉత్తరం వచ్చింది. మరణ విచారణకు సాక్షిగా హాజరు కావాలి. ఆ లోపు, పదిహేను రోజుల్లో, రాతపూర్వకంగా వాంగ్మూలం పంపాలి.

"అక్కా, సాక్షి అంటే చేసింది చెప్పాలా, తెలిసింది చెప్పాలా?" అని పెద్ద సిస్టర్‌ని అడిగింది.

"అడిగింది చెప్పాలి. అడగంది మింగాలి. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకోకు."

ఆసుపత్రి లా ఆఫీసరు గది స్టోర్ రూము వెనక ఉంది. ఆవిడ ముత్యాల సిస్టర్ కంటే పదేళ్లు చిన్న. బల్ల మీద ఫైళ్లు పక్కకు జరిపి కుర్చీ చూపించింది.

"ముందొకటి తెలుసుకోండి సిస్టర్. ఇది నేరం తేల్చే కోర్టు కాదు. చనిపోయింది ఎవరు, ఎప్పుడు, ఎక్కడ, ఎలా. నాలుగే ప్రశ్నలు. మొదటి మూడింటికీ జవాబు అందరికీ తెలుసు. నాలుగోదాని కోసమే పిలిచేది."

"అంతేనా? మరి లాయర్లెందుకు మేడం?"

"ఆ నాలుగోదానికి పొడుగెక్కువ."

లా ఆఫీసరు సొరుగులోంచి మూడు రంగు పెన్సిళ్లు తీసి ఇచ్చింది. చార్టు నకలు మీద ఒక్కో వాక్యం కింద గీత గీయాలి. ఇప్పటికీ కళ్లముందు కనిపిస్తున్నదానికి ఆకుపచ్చ. గుర్తు లేదు గాని రాసి ఉన్నదానికి నీలం. గుర్తూ లేక, ఎలా చేశారో రాతలోనూ లేక, రోజూ చేసేదే కాబట్టి ఆ రోజూ అలాగే చేసి ఉంటానని అనుకునేదానికి ఎరుపు.

"మూడూ కలిపి వండారనుకోండి, అక్కడ నిలబడ్డాక ఏది ఏదో మీకే తెలీదు. ఒక్కో మెతుకూ పట్టి చూసే లాయర్లు ఉంటారు."

ముత్యాల సిస్టర్‌కు ఆ పని నచ్చింది. తను రాసిన కాగితాన్ని తనే పరాయిదానిలా చదవడం అదే మొదటిసారి.

అసలు చార్టు రికార్డు గదిలో ఉంది. గుమాస్తా గుమ్మంలోనే చెయ్యి అడ్డం పెట్టాడు.

"పెన్ను ఇక్కడ పెట్టి వెళ్లండి సిస్టరమ్మా. పెన్సిల్‌కి అభ్యంతరం లేదు. పోయినేడు ఒక డాక్టరుగారు సంతకం మర్చిపోయానంటూ లోపల కూర్చుని పెట్టేశారు. కాన్పు కేసు మూలపడింది, ఆ సంతకం మీద మూడు నెలలు వాదించారు."

ఆమె అసలునూ నకలునూ పక్కపక్కన పెట్టుకుని కూర్చుంది. పన్నెండు ఇరవైకి డాక్టరుకు ఫోన్: ఆకుపచ్చ. రిసీవర్ తీగ మెలిపడి ఉంటే విప్పుతూ మాట్లాడింది, అది గుర్తుంది. డాక్టరు వచ్చింది పన్నెండు యాభై ఐదు: నీలం. జ్వరం ఎనిమిదికి తొంభై తొమ్మిది, పదికి నూరు, పన్నెండుకు నూట రెండు: నీలం. నాడి తొంభై ఆరు, నూట ఎనిమిది, నూట ఇరవై: నీలం.

ఊపిరి గడిలో ఎనిమిదికి ఇరవై, పదికి ఇరవై, పన్నెండుకు ఇరవై. నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీసిందన్న లెక్క అది. పెన్సిల్ అక్కడ ఆగింది.

"ఈ వార్డు పాత చార్టులు ఇంకో పది చూడొచ్చా?"

"వేరేవాళ్ల కాగితాలు చూపించకూడదు." గుమాస్తా కళ్లజోడు పైకి తోశాడు. "దేనికి?"

"ఊపిరి గడి చూద్దామని."

ఆయన నవ్వాడు. "దానికి చార్టులెందుకు? తొమ్మిదేళ్ల నుంచి వీటిని కంప్యూటర్లోకి ఎక్కిస్తోంది నేనే కదా. మూడో వార్డు అనగానే చూడకుండా ఇరవై కొట్టేస్తాను. ఆపరేషన్ వార్డు పద్దెనిమిది. పిల్లల వార్డు ముప్పై."

"ఎప్పుడూనా?"

"ఒక్కసారి మీ వార్డు నుంచి ఇరవై మూడు వచ్చింది. తప్పు పడిందేమోనని ఫోన్ చేశాను. ఎవరో శిక్షణకొచ్చిన అమ్మాయి. నిజంగానే లెక్కపెట్టిందట."

ముత్యాల సిస్టర్ కూడా నవ్వింది. మెట్లు దిగాక ఆగి, చేతిలోని నకలు మళ్లీ విప్పి ఆ గడి చూసింది.

రెండు రోజుల తర్వాత నకలు పట్టుకుని లా ఆఫీసరు దగ్గరకు వెళ్లింది. ఆవిడ పేజీలు తిప్పుతూ మూడు అంకెల దగ్గర ఆగింది. వాటి కింద ఏ రంగూ లేదు.

"ఇవి?"

"ఏ రంగో తెలియలేదు మేడం."

లా ఆఫీసరు పెన్ను మూత పెట్టింది. "ఇక్కడ ఆపేద్దాం. నేను ఆసుపత్రి మనిషిని. మీరు చెప్పేది నేను వినకూడనిది కావచ్చు. మీ నర్సుల సంఘానికి ఫోన్ చేసి మీకంటూ ఒక లాయరును పెట్టుకోండి. ఈ రోజే."

తర్వాత ఒక కాగితం ముందుకు జరిపింది. చనిపోయిన బాలింత తల్లి ఇచ్చిన వాంగ్మూలం అది. సాక్షులందరికీ పంపుతున్నారు. అందులో ఇలా ఉంది: "పొద్దున పది గంటలకు మా అమ్మాయి మెట్లెక్కి వచ్చినదానిలా ఊపిరి తీస్తోంది. సిస్టర్‌కు చెప్పాను."

దాని వెనక నిపుణుడైన డాక్టరు రాసిన నివేదిక ఉంది. కాన్పు తర్వాత రక్తానికి విషం సోకితే నాడి, జ్వరం కంటే ముందు ఊపిరి వేగం పెరగవచ్చు. నిమిషానికి ముప్పై దాటితే ఆ ఆసుపత్రి నియమం ప్రకారం అప్పటికప్పుడు డాక్టరును పిలవాలి. పిలిచింది పన్నెండు ఇరవైకి.

"పదికి పిలిచి ఉంటే బతికేదా మేడం?"

"ఎవరూ చెప్పలేరని ఆయనే రాశాడు. చివరి పేరా."

ముత్యాల సిస్టర్ చివరి పేరా చదివింది. నిజంగానే అలా ఉంది.

మర్నాడు డ్యూటీ దిగాక పెద్ద సిస్టర్‌తో క్యాంటీన్‌లో కూర్చుంది.

"అక్కా, ఇరవై ఎవరు మొదలుపెట్టారు?"

పెద్ద సిస్టర్ టీ గ్లాసు దించింది. "ఇప్పుడు ఆ వంశవృక్షం దేనికే?"

"తెలుసుకుందామని."

"నాకు మా పెద్ద సిస్టర్ చెప్పింది. ఆవిడకి ఎవరు చెప్పారో ఆవిణ్ణే అడగాలి, ఆవిడ పోయి ఎనిమిదేళ్లయింది. పన్నెండు రాస్తే డాక్టరు 'మత్తు మందు ఎక్కువైందా' అంటాడు. ఇరవై ఆరు రాస్తే 'నన్నెందుకు పిలవలేదు' అంటాడు. ఇరవై రాస్తే ఎవడూ ఏమీ అనడు."

"లెక్కపెట్టడానికి నిమిషమే కదా పట్టేది."

"ఇరవై ఎనిమిది మంచాలు. పూటకి మూడుసార్లు. ఎనభై నాలుగు నిమిషాలు. ఉన్నది మనం ఇద్దరం. ఊపిరి సలపని వార్డులో ఊపిరి లెక్క కూడానా?"

తన మాటకు తనే నవ్వబోయి ఆగింది. గొంతు తగ్గించింది. "చూడమ్మాయ్, లెక్కపెట్టానని చెప్పు. నీ చార్టు చూస్తే దేవుడైనా నమ్ముతాడు. లేదన్నావంటే ఒక్క నీతో పోదు. వార్డంతా వీధిలో పడుతుంది. నీ రిజిస్ట్రేషన్ పోతే ఆ పదహారేళ్లు ఎవరిస్తారు?"

"ఆ తల్లి పది గంటలకే చెప్పానంటోంది కదక్కా."

"కూతురు పోయిన మనిషికి గంటలు గుర్తుంటాయా?"

ముత్యాల సిస్టర్‌కు అప్పటికి ఆ తల్లి తనతో ఏమైనా చెప్పినట్టు గుర్తు లేదు. ఆ మాటే సంఘం లాయరుతో చెప్పింది. లెక్కపెట్టలేదన్న సంగతి కూడా చెప్పింది. ఆయన వాంగ్మూలంలో ఒక వాక్యం సరిచేశాడు: "ఎనిమిది, పది, పన్నెండు గంటలకు ఊపిరి ఇరవై అని చార్టులో నేను నమోదు చేశాను."

"ఇందులో అబద్ధం ఒక్క అక్షరం లేదు. అంతకు మించి అడిగితే అప్పుడు చూద్దాం," అన్నాడు.

ఆమె రెండుసార్లు చదివి సంతకం పెట్టింది. వాంగ్మూలం పదమూడో రోజున వెళ్లింది. విచారణకు ఇంకా మూడు వారాలున్నాయి.

ఇంట్లో అత్తగారు రిటైరైన టీచరు. విచారణ సంగతి తెలిసిన దగ్గర్నుంచి కోడలికి పరీక్ష పెడతానని కూర్చుంది. ఒక సాయంత్రం భోజనాల బల్లకు అటువైపు కుర్చీ వేసుకుని కళ్లజోడు పెట్టుకుంది.

"పేరు?"

"మీకు తెలీదా అత్తయ్యా?"

"ఆ గదిలో అత్తయ్య ఉండదు. పేరు?"

చెప్పింది.

"ఆ రోజు మీరు డ్యూటీకి ఎన్నింటికి వచ్చారు?"

"ఏడింటికి. అప్పటికే ముందు డ్యూటీ వాళ్లు వెళ్లడానికి తొందర పడుతున్నారు, రెండు కొత్త కేసులు, ఒక మంచానికి దుప్పటి లేదు..."

"ఆగు. అడిగింది ఒక్క మార్కు ప్రశ్న. నువ్వు పది మార్కుల వ్యాసం ఎత్తుకున్నావు. ఏడింటికి. చాలు." అత్తగారు కాగితం మీద సున్నా చుట్టింది. "సరే, ఊపిరి ఎంతుందో ఎలా చూస్తారు?"

"మణికట్టు పట్టుకుని నాడి చూస్తున్నట్టు ఉండాలి. కళ్లు మాత్రం ఛాతీ మీద. పూర్తిగా ఒక నిమిషం. లెక్కపెడుతున్నామని చెబితే మనిషి ఊపిరి మార్చేస్తాడు."

"ఏదీ, నాది చూడు."

"చెప్పేశాక ఇంకేం చూస్తాను?"

అత్తగారు పేపరు చదువుకుంటున్నప్పుడు పక్కన కూర్చుని చూసింది. పదిహేడు. టీవీ ముందు భర్త, పద్నాలుగు. మర్నాడు బస్సులో ఎదురు సీటు ఆవిడ, పంతొమ్మిది. ఆవిడ కొంగు సర్దుకుని కిటికీ వైపు తిరిగింది. టికెట్ల కౌంటరులో మనిషి, పదహారు. వారంలో పదకొండుమందిని లెక్కపెట్టి వరసగా ఒక చీటీ మీద రాసుకుంది. అందులో ఒక్క ఇరవై లేదు.

"ఏంటది, చీట్ల పేకా?" అన్నాడు భర్త చీటీ చూసి.

"మీది పద్నాలుగు."

"మార్కులా?"

"పాసయ్యారు లెండి."

శుక్రవారం లిఫ్టు చెడింది. అత్తగారు కూరగాయల సంచీతో నాలుగంతస్తులు ఎక్కి వచ్చింది. తలుపు తీయగానే సంచీ గుమ్మంలోనే వదిలేసి కుర్చీలో కూలబడింది.

"అమ్మాయీ... నీళ్లు..." అంది. మళ్లీ ఊపిరి తీసి, "ఆ లిఫ్టు... వాడి..." అని మిగతా తిట్టు మనసులో పూర్తి చేసుకుంది.

ముత్యాల సిస్టర్ నీళ్ల గ్లాసు అందించి మణికట్టు పట్టుకుంది. గోడ గడియారం వైపు చూసింది. ముప్పై నాలుగు. మెడ కింద ఎముకల మధ్య గుంట పడుతోంది, పూడుతోంది. ఆమె చెయ్యి వదల్లేదు.

"ఏమిటే, పోతానా?" అంది అత్తగారు ఊపిరి నిలదొక్కుకున్నాక.

"లేదత్తయ్యా. ఐదు నిమిషాల్లో దిగిపోతుంది."

ఆ గుంట ఆమె ఇదివరకే చూసింది. పదకొండో మంచం మీద. పాల ట్రాలీ తలుపు దగ్గర గడప తగిలి ఆగింది, ఆయా దాన్ని ఎత్తి లోపలికి తోస్తోంది. మంచం పక్కన ఆ బాలింత తల్లి, చేతిలో పసిబిడ్డ. "అమ్మాయి రొప్పుతోంది సిస్టర్" అంది తల్లి. తను చార్టు మీద నుంచి తల ఎత్తి ఒకసారి చూసి, "కాన్పయిన ఒళ్లమ్మా, అలాగే ఉంటుంది, పడుకోనివ్వండి" అంది. పాల ట్రాలీ ఆ వార్డుకు వచ్చేది పది గంటలకు.

ఆ రాత్రి వంట ఆలస్యమైంది. మర్నాడు ఆమె సంఘం లాయరుకు ఫోన్ చేసింది.

"వాంగ్మూలం ఇచ్చాక ఏదైనా గుర్తొస్తే ఏం చేస్తారండీ?"

"మూడు దారులు. అదనంగా ఇంకో వాంగ్మూలం పంపొచ్చు. బోనులో అడిగినప్పుడు చెప్పొచ్చు. అది మీ మీదికే వచ్చేదైతే ఆ ప్రశ్నకి జవాబు చెప్పననొచ్చు, అది మీ హక్కు. ఏం గుర్తొచ్చింది?"

ఆమె చెప్పింది.

"తొందరపడకండి. విచారణ జరిగే గది ఒకసారి చూసి రండి. ఎవరైనా వెళ్లి వెనక కూర్చోవచ్చు. చూశాక ఆలోచిద్దాం."

ఆమె సెలవు పెట్టి వెళ్లింది. ఆ రోజు వేరే కేసు, ఫ్యాక్టరీలో నిచ్చెన మీద నుంచి పడిన మనిషిది. వెనక బెంచీలో కూర్చుని రెండు గంటలు చూసింది. బోనుకూ కుటుంబం కూర్చునే వరసకూ మధ్య నాలుగు అడుగులు. లాయర్లు పక్క నుంచి అడుగుతారు, సాక్షి మాత్రం విచారణాధికారి వైపు తిరిగి చెప్పాలి. తెలియనిదానికి తెలియదంటే ఎవరూ ఏమీ అనడం లేదు. ఊహించి చెప్పినవాళ్లనే వదలడం లేదు. గుమ్మం దగ్గర జవాను ఆమెను గమనించాడు.

"మీ వంతు ఎప్పుడమ్మా?"

"నాది అని ఎలా తెలిసింది?"

"చూడ్డానికొచ్చినవాళ్లు సాక్షి మొహం చూస్తారు. మీరు సాక్షి నిలబడే చోటు చూస్తున్నారు." తర్వాత పైకి చూపించాడు. "అక్కడ ఫ్యాను నేరుగా కొడుతుంది. కాగితాలు విడిగా తెచ్చుకోకండి."

విచారణ రోజు ఉదయం పదిన్నరకు మొదట తల్లిని పిలిచారు. పసిబిడ్డను ఇంట్లో వదిలి వచ్చింది. ఆసుపత్రి తరఫు లాయరు ఆమెను గట్టిగా అడగలేదు.

"అమ్మా, పది గంటలకు ఊపిరి ఇరవై అని చార్టులో ఉంది. అది మామూలు లెక్క. మీరు చూసింది పన్నెండు దాటాక అయ్యుండొచ్చా?"

"అయ్యుండొచ్చు బాబూ. నేను గడియారం చూళ్లేదు. వాళ్లు చదువుకున్నవాళ్లు, చూసి రాసుకుంటారు కదా. వాళ్లదే నిజమేమో."

ఆమె వెళ్లి కూర్చుంది. ముత్యాల సిస్టర్ వెనక బెంచీలో ఉంది. పక్కన సంఘం లాయరు, అవతల పక్క పెద్ద సిస్టర్. పెద్ద సిస్టర్ ఆమె మోకాలి మీద చెయ్యి వేసి, "అయిపోయిందమ్మాయ్. ఇంక నిన్నేం అడగరు," అంది చెవిలో.

పదకొండు నలభైకి ఆమెను పిలిచారు. ప్రమాణం చేసింది. పేరు, వృత్తి, ఎన్నేళ్ల సర్వీసు. డ్యూటీకి వచ్చింది ఏడింటికి. ఫోన్ చేసింది పన్నెండు ఇరవైకి. విచారణాధికారి చార్టు పేజీ తిప్పాడు.

"పది గంటలకు ఊపిరి ఇరవై అని రాశారు. ఆ అంకె మీకు ఎలా వచ్చింది?"

సంఘం లాయరు లేచి నిలబడ్డాడు. విచారణాధికారి ఆయన్ను చూసి తల ఊపి, ఆమె వైపు తిరిగాడు. "మీకు చిక్కు తెచ్చే ప్రశ్నకు మీరు జవాబు చెప్పక్కర్లేదు. అర్థమైందా?"

"అర్థమైందండీ."

"చెబుతారా?"

"చెబుతాను. లెక్కపెట్టలేదు. మా వార్డులో ఇరవై రాస్తాం."

"ఎనిమిది గంటలకు?"

"లెక్కపెట్టలేదు."

"పన్నెండు గంటలకు?"

"లెక్కపెట్టలేదండీ."

"ఆ ఉదయం వార్డులో ఎంతమందికి లెక్కపెట్టారు?"

"ఎవరికీ లేదు."

"ఇది గుర్తుండి చెబుతున్నారా, అలవాటును బట్టి చెబుతున్నారా?"

"అలవాటును బట్టి. గుర్తున్నది వేరే ఉంది. నా వాంగ్మూలంలో లేదు, అది పంపాక గుర్తొచ్చింది." ఆమె కుటుంబం వైపు చూడలేదు. విచారణాధికారికే చెప్పింది. "ఆవిడ తల్లి నాతో 'అమ్మాయి రొప్పుతోంది' అన్నారు. నేను చూశాను. మెడ కింద గుంట పడుతోంది. బాలింతకు అలాగే ఉంటుందని చెప్పి ఊరుకున్నాను. అప్పుడే పాల ట్రాలీ లోపలికి వస్తోంది. అది వచ్చేది పదింటికి. ఆవిడ చెప్పిన టైము తప్పు కాదు."

విచారణాధికారి అదంతా రాసుకున్నాడు. తర్వాత ఇద్దరు లాయర్లు ఇరవై నిమిషాలు ప్రశ్నలడిగారు. పన్నెండు ఇరవై ఐదుకు ఆమె తన సాక్ష్యం కింద సంతకం పెట్టింది. బయట వరండాలో పెద్ద సిస్టర్ లేదు. సంఘం లాయరు ఆటో పిలిచాడు.

నాలుగు రోజుల తర్వాత విచారణాధికారి నిర్ణయం వచ్చింది. మరణానికి కారణం కాన్పు తర్వాత రక్తానికి సోకిన విషం. ఊపిరి వేగం పెరిగిన విషయాన్ని తల్లి ఉదయం పది గంటలకు సిబ్బందికి తెలిపింది. ఆ ఉదయం మూడో వార్డులో ఊపిరి లెక్కించలేదు. పిలుపు ముందే వెళ్లి ఉంటే ఫలితం మారేదో లేదో చెప్పడం సాధ్యం కాదు.

తొమ్మిదో రోజున, రిజిస్ట్రేషన్లు ఇచ్చే నర్సుల మండలి నుంచి ముత్యాల సిస్టర్‌కు రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు అందింది. అలాంటిదే పెద్ద సిస్టర్‌కూ వెళ్లింది. ఇద్దరూ వచ్చే నెల పదకొండున, ఉదయం పది గంటలకు మండలి ముందు హాజరు కావాలి.